వేడెక్కాక దారిలో ఆగిపోయి అరగంటకు మళ్లీ స్టార్టయ్యే పాత పెట్రోల్ బండి: ఎక్కడ చూడాలి?

ఖమ్మం కారు
2006 మోడల్, నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టరు పెట్రోల్ చిమ్మే రకం) పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ముప్పావుగంట నడిచాక, అదీ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగుతూ వెళ్తుంటే, ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. బానెట్ ఎత్తి అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్, బ్యాటరీ మార్చడం అయింది. ట్యాంకులో పంపు మార్చాలని ఒక మెకానిక్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) పోయిందని ఇంకొకరు అంటున్నారు. షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా నడుస్తుంది. బయట బిగించిన రిమోట్ లాక్ ఉంది. ఎల్‌పీజీ కిట్ ఒకప్పుడు ఉండేది, తీసేశారు. డబ్బు పెట్టే ముందు ఏమేం చూడాలి?

పదో నంబర్ స్పానర్
ఇప్పుడే పంపు కొనకండి, ఈసీయూ జోలికి అసలే పోకండి. ఈ రకం జబ్బు బండి బాగున్నప్పుడు దొరకదు. అది మొండికేసిన ఆ అరగంటే పరీక్షకు టైము. డిక్కీలో మల్టీమీటరు, స్పార్క్ టెస్టరు, సీసాడు నీళ్లు, ఒక గుడ్డ పెట్టుకోండి.

ముందుగా, ఆగే క్షణంలో ఆర్పీఎం ముల్లు చూడాలి. బండి గేరులో దొర్లుతున్నంతసేపూ చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. అయినా ముల్లు టక్కున సున్నాకి పడితే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పేది) సిగ్నల్ గానీ, ఇగ్నిషన్ కరెంటు గానీ పోయినట్టు. పెట్రోల్ అందకపోతే అలా ఆగదు. ముందు పికప్ తగ్గుతుంది, రెండు మూడు జర్కులిస్తుంది, ఆ తర్వాతే చస్తుంది.

ఆగాక పక్కకు తీసి తాళం ఆన్‌లో పెట్టండి. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోతే ఈసీయూకే కరెంటు రావట్లేదు, కాబట్టి మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, ఎర్త్ వైరు చూడాలి. వెలిగితే వెనక సీటు దగ్గర చెవి పెట్టండి, పంపు 2-3 సెకన్లు గుయ్‌మని ఆగాలి. తర్వాత సెల్ఫ్ కొడుతూ మళ్లీ ముల్లు చూడండి. చాలా బళ్లలో అది 200-300 దాకా కదులుతుంది.

స్పార్క్ చూడ్డానికి ప్లగ్గు వైరు పీకి గాల్లో పట్టుకోవద్దు. దారి దొరకని హైవోల్టేజీ కాయిల్‌నో, ఆ కాయిల్‌కి కరెంటు ఇచ్చి ఆపే ఇగ్నైటర్‌నో కాల్చేస్తుంది. టెస్టరు క్లిప్పు ఇంజిన్ బ్లాకుకి గట్టిగా తగిలించాకే కొట్టించండి. సెల్ఫ్ ఒకసారికి 10 సెకన్లు మించకూడదు, మధ్యలో అర నిమిషం గ్యాప్ ఇవ్వండి.

పాత బండి
పంపుని అంత తేలిగ్గా వదిలేయకండి మాస్టారూ. దాని మోటారు చల్లబడేది ట్యాంకులోని పెట్రోల్‌తోనే. ఎల్‌పీజీ మీద నడిపిన బళ్లలో పెట్రోల్ అడుగున కొద్దిగానే ఉంచి ఏళ్ల తరబడి తిప్పుతారు, పంపు త్వరగా పోయేది అందుకే. వేడికి బ్రష్షులు పట్టేసి, చల్లారాక మళ్లీ తిరగడం మామూలే. ఆగిపోయినప్పుడు ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. అందుకుంటే పంపే. చప్పుడు వచ్చినంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు, గేజు పెట్టాల్సిందే. ఇలాంటి ఇంజిన్లలో సుమారు 3 బార్ ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడండి. గేజు కోసం పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి, లేకపోతే పెట్రోల్ మొహాన చిమ్ముతుంది.

ఖమ్మం కారు
మళ్లీ ఆగింది. బండి దొర్లుతుండగానే ముల్లు సున్నాకి పడింది. చెక్ లైటు వెలుగుతోంది. తాళం ఆన్ చేస్తే పంపు శబ్దం వచ్చి ఆగింది. సెల్ఫ్ కొడితే ముల్లు కదల్లేదు, స్పార్క్ లేదు. ట్యాంకు తట్టినా లాభం లేదు.

పదో నంబర్ స్పానర్
అయితే పంపు కాదు, క్రాంక్ సెన్సర్ సిగ్నల్ ఈసీయూకి చేరట్లేదు. పంపు మీద నింద ఎందుకు పడుతుందో కూడా చెబుతాను. తాళం ఆన్ చేయగానే ఈసీయూ పంపుని 2-3 సెకన్లే నడుపుతుంది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తేనే మళ్లీ ఆన్ చేస్తుంది. సిగ్నల్ లేకపోతే స్పార్క్, ఇంజెక్టర్లు, పంపు మూడూ బంద్. సెల్ఫ్ కొడుతూ పంపు దగ్గర మీటరు పెట్టిన మెకానిక్‌కి అక్కడ కరెంటు కనిపించదు. పంపు లైనే పోయిందనుకుంటాడు.

సెన్సర్ ఫ్లైవీల్ వైపు బెల్ హౌసింగ్ మీద గానీ, ముందు క్రాంక్ పుల్లీ దగ్గర గానీ ఉంటుంది. అయస్కాంతం, కాయిల్ ఉన్న రకమైతే కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) విప్పి ఓంలు కొలవొచ్చు. బండిని బట్టి కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు దాకా ఉంటుంది. చల్లగా ఉన్నప్పటి అంకె రాసుకుని, ఆగిపోయినప్పుడు మళ్లీ కొలవండి. పదిహేను శాతం దాకా పెరగడం రాగి తీగ గుణం, తప్పు కాదు. మీటరు ఓపెన్ (కరెంటుకి దారే లేదని) చూపిస్తే లోపల తీగ తెగింది. మీటరుని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల్లో పెట్టి సెల్ఫ్ కొడితే అర వోల్టు చుట్టుపక్కల రావాలి. లోపల ఎలక్ట్రానిక్ చిప్పు ఉండే హాల్ రకానికి మాత్రం ఓంల కొలత పనికిరాదు. దానికి సప్లయి, ఎర్త్ వస్తున్నాయో లేదో చూసి, సిగ్నల్ వైరు మీద వోల్టేజీ ఎగిరిపడుతోందా అని చూడాలి.

తడి గుడ్డ సెన్సర్ మీద వేయండి. అరగంట బదులు రెండు మూడు నిమిషాల్లో స్టార్టయితే అనుమానం బలపడినట్టే. పక్కనున్న కప్లర్లలోకి నీళ్లు పోనివ్వకండి.

వైరింగ్ పని
సెన్సర్ కొనే ముందు ఒక్క మాట అన్నా. ఎల్‌పీజీ కిట్ ఉండేదన్నారు కదా, నాకు అనుమానం అక్కడే. కొన్ని కిట్లలో టైమింగ్ అడ్వాన్స్ బాక్సు (గ్యాస్ మీద స్పార్క్ కాస్త ముందే పడేలా చేసేది) ఉంటుంది, దాని కోసం క్రాంక్ సెన్సర్ వైరునే కోసి మధ్యలో కలుపుతారు. కిట్ తీసేటప్పుడు ఆ కొసల్ని మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తారు. ఇంజిన్ వేడికి టేపు జిగురు కారిపోతుంది, రాగి పచ్చబడుతుంది, సెల్ఫ్ మీద వచ్చే అర వోల్టు సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. కొత్త సెన్సర్ వేసేటప్పుడు ఆ వైరు కదిలి వారం బాగా నడుస్తుంది, తర్వాత మళ్లీ మొదలు.

అందుకే రెండు చోట్ల కొలవండి. బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ కప్లర్ విప్పి, ఆ రెండు వైర్ల మధ్య ఓంలు చూడండి. తర్వాత సెన్సర్ కప్లర్ విప్పి నేరుగా సెన్సర్ పిన్నుల మీద చూడండి. రెండూ వేడి మీదే. రెండు చోట్లా ఓపెన్ వస్తే సెన్సర్ పోయింది. సెన్సర్ దగ్గర బాగుండి ఈసీయూ దగ్గర పోతే మధ్యలో వైరే. రిమోట్ లాక్‌ని కూడా వదలొద్దు. స్టీరింగ్ కింద దాని ఇంజిన్ కట్ రిలే ఇగ్నిషన్ వైరుని కోసి పెట్టి ఉండొచ్చు. మీ గుర్తులు దానివి కాకపోయినా, రేపు ఆపేది అదే కావచ్చు.

పాత బండి
సరే, పంపు మాట వెనక్కి తీసుకుంటున్నాను. బ్లూటూత్ స్కానరు కొందామనుకుంటుంటే ఆగండి. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపాల్ని తానే కనిపెట్టి కోడ్‌గా రాసుకునే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ-2 అయితే 2013 నుంచి. 2006 బండితో చవక స్కానరు మాట్లాడకపోవచ్చు. మాట్లాడితే క్రాంక్ సర్క్యూట్ కోడ్ పీ0335. అది రాలేదు కదా అని సెన్సర్ బాగున్నట్టు లెక్కకట్టకండి.

ఖమ్మం కారు
సెన్సర్ పిన్నుల దగ్గర చల్లగా 870 ఓంలు, ఆగిపోయినప్పుడు 980. ఈసీయూ కప్లర్ దగ్గర చల్లగా 900 చూపించింది, వేడి మీద ఓపెన్. బ్యాటరీ ట్రే కింద వైర్ల కట్టని కదిపితే అంకె వచ్చిపోతోంది. విప్పి చూస్తే నల్ల టేపు కింద మెలిపెట్టిన రెండు జాయింట్లు, రాగి పచ్చగా పొడి రాలుతోంది. సోల్డర్ చేస్తే చాలా?

వైరింగ్ పని
ఆ రాగి మీద సోల్డర్ పట్టదు. రెండు వైపులా మెరిసే రాగి వచ్చేదాకా కోసేయండి, తక్కువైన పొడవుకి అదే మందం వైరు కలపండి. రోజిన్ కోర్ సోల్డరే వాడండి, యాసిడ్ ఫ్లక్సు వద్దు, లోపల్లోపలే తినేస్తుంది. రెండు జాయింట్లూ ఒకే చోట రాకుండా రెండంగుళాలు ఎడంగా పెట్టండి. లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు సోల్డర్‌కి ముందే వైరుకి ఎక్కించుకోవాలి, చాలామంది మర్చిపోయేది అదే. వైర్ల పైన జాలీ తొడుగు (బయటి కరెంటు సిగ్నల్‌ని చెడగొట్టకుండా అల్లిన తీగ) ఉంటే దాన్నీ కలపండి, దాని ఎర్త్ ముందున్న ఒక్క చివరే ఉండాలి. కట్టని ప్లగ్గు వైర్లకు దూరంగా తీసి, ఊగకుండా ట్రేకి క్లిప్పు వేయండి. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి, ఊగితే ఆ అంచునే తెగుతుంది.

బానెట్ ఎలాగూ ఎత్తారు కాబట్టి ఇంజెక్టర్ల వైర్లూ చూడండి. కిట్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఆపడానికి ఆ నాలుగింటినీ కోసి ఉంటారు, వాటి మీదా అదే టేపు ఉంటుంది.