ఫోన్‌లో 46, వాతావరణ శాఖ లెక్కలో 43: ఏ ఎండను నమ్మాలి?

గోదావరిఖని శీను:
మొన్న మధ్యాహ్నం నా ఫోన్ యాప్ 46 చూపించింది. రాత్రి టీవీలో మాత్రం రామగుండం 43 అన్నారు. మా కాలనీలో నలుగురం నాలుగు యాప్‌లు తెరిస్తే నాలుగు అంకెలు వచ్చాయి. ఒకాయన కారులో 49 చూపిస్తోందని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన బతికేవాళ్లం, ఎండ మాకు కొత్త కాదు. కానీ అంకె తగ్గించి చెప్తున్నారన్న అనుమానం ఏటా వస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఏది నమ్మాలి?

మబ్బుల లెక్క:
శీనన్నా, తగ్గించి చెప్పడం ఏమీ లేదు. వాతావరణ శాఖ కొలిచేది గాలి వేడిని. తెల్లరంగు చెక్కపెట్టె, నాలుగు వైపులా గాలి ఆడే రెక్కలు, లోపల థర్మామీటరు. నేలకు నాలుగడుగుల పైచిలుకు ఎత్తులో పెడతారు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. థర్మామీటరు మీద ఎండ నేరుగా పడితే అది గాలి వేడిని కాకుండా తన ఒంటి వేడిని చూపిస్తుంది, అందుకే ఈ ఏర్పాటు.

ఫోన్ యాప్‌లలో చాలావాటికి మీ ఊళ్లో పరికరమే ఉండదు. కంప్యూటర్ మోడల్ వేసిన అంచనాను చూపిస్తాయి. కొన్ని 'ఒంటికి ఎంత అనిపిస్తుంది' అనే అంకెను పెద్దక్షరాల్లో, అసలు ఉష్ణోగ్రతను చిన్నక్షరాల్లో పెడతాయి. మీ 46 అదే కావచ్చు, ఒకసారి చూడండి. ఇక కారు సెన్సర్ బంపర్ దగ్గర ఉంటుంది. రోడ్డు సెగ, ఇంజిన్ సెగ రెండూ దానికే తగులుతాయి. ఆగి ఉన్న కారు చెప్పేది ఉష్ణోగ్రతే కాదు.

పాల్వంచ పిల్లగాడు:
రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే రోళ్లు పగిలేలా ఉంది.

బందరు వాసి:
మీరంతా 43, 46 అని కొట్టుకుంటున్నారు. మా దగ్గర 37 ఉన్నా ప్రాణం పోతోంది. గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! ఫ్యాన్ కింద కూర్చున్నా బనియన్ పిండుకోవాల్సి వస్తోంది. టీవీవాళ్లు మాత్రం రెంటచింతల, రామగుండం అంటూ పెద్ద అంకెల వెంటే పడతారు. కోస్తా ఉక్కపోతను పట్టించుకునేవాడు లేడు.

మబ్బుల లెక్క:
పట్టించుకోకుండా లేరు. వడగాల్పుల లెక్కలో కోస్తాకు గీత వేరుగా ఉంది. మైదానాల్లో గరిష్ఠం కనీసం 40 చేరి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాల్పు. కోస్తాలో 37 చేరి, అదే 4.5 తేడా ఉంటే చాలు. మామూలుతో సంబంధం లేకుండా 45 చేరితే వడగాల్పు, 47 చేరితే తీవ్ర వడగాల్పు.

సూర్యాపేట బిడ్డ:
నాకొకటి చెప్పండి. నీడలో పెట్టెలో కొలిచిన అంకెను తీసుకొచ్చి ఎండలో పనిచేసేవాళ్లకు చెప్పడమేంటి? మా హమాలీలు చెక్కపెట్టెలో ఉండి బస్తాలు మోస్తున్నారా?

మబ్బుల లెక్క:
ప్రపంచమంతా నీడలోనే కొలుస్తారు. ఎండలో కొలిస్తే ఒక్కో పరికరం ఒక్కోలా చెబుతుంది. ఈ ఏడు ఎండను పోయిన ఏడు ఎండతో పోల్చడానికి ఆధారమే ఉండదు. తారు రోడ్డు 60 దాటొచ్చు, రేకుల షెడ్డు అంతకంటే కాలొచ్చు. అవి ఊరి ఉష్ణోగ్రతలు కావు.

సూర్యాపేట బిడ్డ:
ఊరి ఉష్ణోగ్రత కాదు, మనిషి ఉష్ణోగ్రత అడుగుతున్నా.

వడ్ల రైతు, మిర్యాలగూడ వైపు:
అసలు ఈ అలర్టులతోనే తలనొప్పి. రోజూ ఫోన్‌కు మెసేజ్: ఎండలో తిరగకండి, 11 నుంచి 4 దాకా బయటికి రాకండి. యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. తేమ 17 శాతానికి దిగితేనే కొంటారు. దిగాలంటే ఆ ఎండే కావాలి. గంటగంటకూ కాళ్లతో తిరగేయాలి. నేను ఇంట్లో కూర్చుంటే సాయంత్రం గాలివాన వచ్చి మొత్తం తడుపుతుంది. మొలకొచ్చిన వడ్లకు మద్దతు ధర మీరిప్పిస్తారా?

గోదావరిఖని శీను:
రైతన్నా, చర్చ అలర్టుల మీద కాదు. ఏ అంకె నిజమన్నదే ప్రశ్న.

మబ్బుల లెక్క:
ఇంకో విషయం. తెలంగాణలో వాతావరణ శాఖ సొంత కేంద్రాలు పదీ పన్నెండే. రామగుండం, నిజామాబాద్, ఆదిలాబాద్, ఖమ్మం, భద్రాచలం, నల్లగొండ, ఇలా. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీజీడీపీఎస్ పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలు మండలాల్లో వెయ్యికి పైగా ఉన్నాయి. అందుకే ఒకే జిల్లాకు రెండు అంకెలు వస్తాయి. రెండూ నిజమే, చోట్లు వేరు.

సూర్యాపేట బిడ్డ:
రెండూ నిజమైతే పరిహారానికి ఏది పనికొస్తుంది సార్?

పోయిన ఏడు మేలో మా చిన్నాయన వడ్ల కొనుగోలు కేంద్రంలో చనిపోయాడు. హమాలీ. ఒక్కో బస్తా 40 కిలోలు. రెండు రోజుల నుంచి రాని లారీ ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది. వెంటనే నింపి పంపకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదని అందరూ తొందరపెట్టారు. నెత్తిన గోనెసంచి కప్పుకొని మోశాడు. మూడింటికి మాట తడబడింది. పేరు పిలిస్తే వేరే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు జవాబిచ్చాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు, ముట్టుకుంటే చెయ్యి కాలింది. నీడకు లాగి సోడా తాగించారు. ఊళ్లో డాక్టరు సెలైన్ పెట్టాడు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

పోస్ట్‌మార్టం చేయించాలని మాకు చెప్పినవాళ్లు లేరు. తర్వాత ఆఫీసుకు వెళ్తే అక్కడి మనిషి ఫోన్ తీసి చూసి, ఆ రోజు మీ మండలంలో 41 దాటలేదు, వడగాల్పు ప్రకటనా లేదు, గుండెపోటు అయ్యుంటుంది అన్నాడు. ఇప్పుడు చెప్పండి, మీ చెక్కపెట్టె ఎవరి కోసం?

మబ్బుల లెక్క:
మీ చిన్నాయన విషయం బాధాకరం. కానీ 41 నమోదైతే 41 అనే చెప్పాలి కదా. అంకె పెంచి రాయమంటారా?

సూర్యాపేట బిడ్డ:
పెంచమని ఎవరన్నారు? మనిషి చచ్చిపోయాడని చెప్తుంటే మీకు దశాంశాలు కావాలా? ఏసీ గదిలో కూర్చుని గ్రాఫులు గీసుకునేవాళ్లకు ఇదంతా ఆటలా ఉంది.

మబ్బుల లెక్క:
మాటలు జాగ్రత్త. డాబా మీద సొంత డబ్బుతో కేంద్రం పెట్టుకొని, పిడుగు ఎటు పడొచ్చో, వాన ఎప్పుడు రావచ్చో ఊరికి చెప్పే మనిషిని. నాది ఆటా?

వడ్ల రైతు, మిర్యాలగూడ వైపు:
లారీ లేటైతే తప్పు రైతులదా? 'అందరూ తొందరపెట్టారు' అంటే ఎవరమ్మా? మేమేనా?

మోడరేటర్:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారి జరిగితే చర్చ మూసేస్తాం.

స్టాఫ్ నర్స్, ఖమ్మం:
అమ్మా, మీరు రాసిన లక్షణాలు వడదెబ్బవే. మాట తడబడటం, మనిషి ఎవరో తెలియకపోవడం, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటడం చూస్తాం. బరువు పని చేస్తూ పడిపోయినవాళ్లలో కొందరికి చెమట పడుతూనే ఉంటుంది. అందుకని చెమట ఉంది కదా వడదెబ్బ కాదులే అనుకోకండి. స్పృహ సరిగ్గా లేని మనిషికి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ముందు ఒళ్లంతా నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి, గాలి విసరాలి. అదే సమయంలో 108కి ఫోన్ చేయాలి. 41 దగ్గర వడదెబ్బ రాదనడం తప్పు. బరువు మోసే మనిషికి ఇంకా తక్కువలోనే వస్తుంది, కండరాలే లోపల వేడి పుట్టిస్తాయి. రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే ముందురోజు వేడి దిగకుండానే మళ్లీ పనికి వస్తాడు.

బందరు వాసి:
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. ఒక్క గరిష్ఠ ఉష్ణోగ్రత చూస్తే ఏం తెలుస్తుంది?

మబ్బుల లెక్క:
నర్సుగారు చెప్పిన రాత్రి సంగతికి లెక్క ఉంది. పగలు 40 చేరి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని 'వెచ్చని రాత్రి' అంటుంది. ఎండ, తేమ, గాలి మూడూ కలిపి కొలిచే పద్ధతీ ఉంది. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటరు, మామూలుది, మూడూ కలిపి ఒక అంకె తీస్తారు. ఎండలో పని చేయించేచోట చూడాల్సింది దాన్నే. కానీ స్టీవెన్సన్ పెట్టె తప్పంటే మాత్రం ఒప్పుకోను. గాలి వేడికి కొలత అదే.

సూర్యాపేట అమ్మా, ఒకటి వినండి. వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. అది వడదెబ్బ మరణమో కాదో తేల్చాల్సింది మండల స్థాయి కమిటీ. ఆఫీసులో ఒక మనిషి ఫోన్ చూసి చెప్పేది కాదు. తేదీ, మండలం నాకు విడిగా పంపండి. ఆ వారం పగటి, రాత్రి అంకెలు తీసిస్తాను. నోటిమాటగా వద్దు, కాగితం మీద అర్జీ పెట్టండి.

సూర్యాపేట బిడ్డ:
పంపుతాను. కానీ ఆ అంకెలు కూడా చిన్నవే వస్తే? అప్పుడేమంటారు? మనిషి మీద రాని నమ్మకం యంత్రం మీద ఎందుకొస్తోందన్నదే నా గొడవ. పదిమంది కళ్లముందు పడిపోయాడు. సాక్ష్యానికి ఆ పదిమంది చాలరా?

రైతు అన్నా, మిమ్మల్ని అనలేదు. కానీ లారీ పన్నెండింటికి వస్తే నాలుగు దాకా ఆపొచ్చు కదా?

వడ్ల రైతు, మిర్యాలగూడ వైపు:
ఆపితే డ్రైవర్ వెళ్లిపోతాడు. మిల్లు దగ్గర దిగుమతికి లైను ఉంటుంది, ఆయన తొందర ఆయనది. హమాలీకి బస్తా లెక్కన డబ్బులు. ఆపితే వాళ్లకూ ఆ రోజు కూలి పోతుంది, వాళ్లే ఒప్పుకోరు. పని ఆపాలని అందరూ అంటారు, ఆగిన పూట కూలి ఎవరిస్తారో ఒక్కరూ చెప్పరు. రైతు ఇవ్వాలా? క్వింటాకు తరుగు తీశాక మాకు మిగిలేదెంత?

పాల్వంచ పిల్లగాడు:
ఇది అసలు ప్రశ్న. 46, 43 కాదు.

గోదావరిఖని శీను:
నేను అడిగింది మాత్రం 46, 43 గురించే తమ్ముడూ. యాప్ తెరిచి చూశా, పైన పెద్దగా ఉన్నది 'అనిపించే' అంకెనే.

సూర్యాపేట బిడ్డ:
కూలి మీరివ్వాలని నేననడం లేదు. ధాన్యం కొనేది సర్కారు. కాంటా తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపాలి. లారీ టైమూ అట్లనే రాయాలి. మధ్యాహ్నం వచ్చిన లారీ నీడలో ఆగితే ఆగిన గంటల డబ్బు వాళ్లే కట్టాలి. సెంటర్ మీటింగులో ఈ మాట మీరంటే వింటారు. హమాలీ అంటే వినరు.

వడ్ల రైతు, మిర్యాలగూడ వైపు:
ఐదింటికి నేను రెడీ, హమాలీలూ రెడీ. తేమ చూసే మనిషి పదింటికి గానీ రాడు. ఆయన రాకుండా బస్తా కాంటా ఎక్కదు. ముందు ఆయన్ని ఐదింటికి రప్పించమని అడగాలి. ఆ మాటైతే మీటింగులో నేనే అడుగుతా. లారీ డబ్బు సంగతి నావల్ల కాదు.