ఎక్కం అప్పజెబితే పది రూపాయలు: తప్పా?

గోదారిగట్టు:
మా వాడు మూడో తరగతి. ఎక్కానికి పది రూపాయలిస్తున్నాను. నెలలో పన్నెండో ఎక్కం దాకా వచ్చాడు. మా తోడల్లుడు “లంచం మరిగించావు” అంటున్నాడు. మీరేమంటారు?

పలకాబలపం:
మీ తోడల్లుడిదే రైటు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో స్కెచ్ పెన్నులంటే ఇష్టమున్న పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే బంగారు నక్షత్రమున్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇంకో జట్టుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడోదానికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆశపెట్టి ఇచ్చిన పిల్లలు ఆ పెన్నులతో గడిపింది మిగతావాళ్లలో సగం సేపే.

గోదారిగట్టు:
ఇష్టమున్న పిల్లలని మీరే అన్నారు. మా వాడికి ఎక్కాలంటే ఇష్టం ఉంటే కదా, పోవడానికి!

బెత్తం:
మాకు గోడకుర్చీ వేయించేవారు. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ నోటికొచ్చు.

పలకాబలపం:
అది శిక్షండీ. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త లెక్కలో నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే బాధ తీసేసి ఒక పనిని అలవాటు చేయడం. అప్పజెప్పగానే గోడకుర్చీ దింపేస్తే, అప్పజెప్పడానికి అది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. తప్పు చెప్పినందుకు ఎక్కిస్తే శిక్ష.

బెత్తం:
ఎక్కించినా దింపినా నొప్పి నా మోకాళ్లకేగా.

వానచినుకు:
1994లో కామెరాన్, పియర్స్ పాత ప్రయోగాలు కూడి చూసి బహుమతితో పెద్ద నష్టం లేదన్నారు. 1999లో డెసి, కోస్ట్‌నర్, రయన్ 128 ప్రయోగాలు కూడి నష్టం ఉందన్నారు. మీరిక్కడ తేలుస్తారా?

పలకాబలపం:
నా సంగతి చెప్తాను. ఇంటర్‌లో వారం పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేవారు. అంతకుముందు ఫిజిక్స్ లెక్కలు సరదాగా చేసేదాన్ని. రెండేళ్లయ్యాక ఆ పుస్తకాలు తూకానికి అమ్మేశాను.

గోదారిగట్టు:
అది అవమానం, బహుమతి కాదు. మీ కాలేజీ మీద కోపం నా పది రూపాయల మీద చూపిస్తారేం?

పలకాబలపం:
మా అమ్మానాన్నలూ ఇలాగే అన్నారు, “ర్యాంకు వస్తే చాలు, ఇష్టం దేనికి” అని!

గోదారిగట్టు:
మేడమ్, మా నాన్నది కిరాణా కొట్టు. లెక్క రాక చిల్లర దగ్గర ఎన్నిసార్లు మోసపోయాడో నేను చూశాను. మా వాడికి ఇష్టం కలిగేదాకా ఆగే ధైర్యం నాకు లేదు.

పలకాబలపం:
అది ముందే చెప్పాల్సింది. సరే, మరి ఇప్పుడెందుకు అడుగుతున్నారు?

గోదారిగట్టు:
నిన్న పదమూడో ఎక్కానికి ఇరవై అడిగాడు.

బెత్తం:
ఇచ్చారా?

గోదారిగట్టు:
పదిహేనుకు కుదిరింది.