జీఐఎస్‌లో (కంప్యూటర్‌లో మ్యాపులు చేయడం, వాటి డేటాను విశ్లేషించడం) మాస్టర్స్ చేయాలా? సొంతంగా నేర్చుకుంటే చాలదా?

దిక్సూచి:
డిగ్రీ అయిపోయింది. క్యూజీఐఎస్‌లో మ్యాపులు చేయడం వచ్చు, పైథాన్ కూడా కొంత వచ్చు. ఇంట్లో మాస్టర్స్ చేయమంటున్నారు. రెండేళ్లు, అంత ఫీజు పెట్టి చదవడం అవసరమా? ఉద్యోగానికి చేసిన పనులు చూపిస్తే సరిపోదా?

గులకరాయి:
సరిపోతుంది. క్యూజీఐఎస్, మ్యాపు డేటాను దాచుకునే పోస్ట్‌జీఐఎస్ రెండూ ఉచితం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలకు 2008 నుంచి డబ్బు కట్టక్కర్లేదు. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల పిక్సెల్‌తో ఊరికే దొరుకుతున్నాయి. నేను ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, మాస్టర్స్ చేయలేదు. ఇంటర్వ్యూలో స్పేషియల్ జాయిన్ (స్థానాన్ని బట్టి రెండు డేటాలను కలపడం) రాయమన్నారు, రాశాను, తీసుకున్నారు.

అక్షాంశం:
గులకరాయి గారూ, టూల్స్ సంగతి మీరన్నది నిజమే. వాటి కోసమైతే మాస్టర్స్ అక్కర్లేదు. కానీ నాకు జరిగింది చెప్తాను.

మొదటి సెమిస్టర్‌లో, 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న ఒక నగరంలో ఆసుపత్రుల చుట్టూ కిలోమీటరు బఫర్ (అంత దూరం దాకా వచ్చే వలయం) గీయమన్నారు. డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉంది. ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కదా అని దూరం 0.009 డిగ్రీలు ఇచ్చాను. చక్కగా గుండ్రటి వలయాలు వచ్చాయి. ఎర్రర్ ఏమీ లేదు. మా మేడమ్ తెర మీద ఒక వలయం అంచున వేలు పెట్టి, "ఆసుపత్రి నుంచి తూర్పుకి ఇక్కడిదాకా నడిస్తే ఎంత దూరం?" అని అడిగారు. లెక్క వేస్తే అర కిలోమీటరే! ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గర పడతాయి, 60 డిగ్రీల దగ్గర వాటి మధ్య దూరం సగానికి వచ్చేస్తుంది. తెర మీద గుండ్రంగా కనిపించింది నేల మీద నిలువు కోడిగుడ్డు. తూర్పున 800 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లందరినీ నా మ్యాపు "ఆసుపత్రి దగ్గరలో లేదు" అనేసింది. దూరాలను మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోకి మార్చి మొత్తం మళ్లీ చేశాను.

గులకరాయి:
ప్రొజెక్షన్ల (గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదకి తెచ్చే పద్ధతుల) గురించి ఒక మంచి పుస్తకం చదివినా ఇది తెలుస్తుంది కదండీ. దీనికి రెండేళ్లా?

అక్షాంశం:
చదివితే తెలుస్తుంది. కానీ చదవాలన్న అనుమానమే నాకు రాలేదు, బాధంతా అదే. ఇంకోటి చూడండి. 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే పరిశోధకులు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న 99 కౌంటీలను (మన జిల్లాల్లాంటివి) రకరకాలుగా కలిపి పెద్ద జోన్లు చేశారు. వృద్ధుల శాతానికీ రిపబ్లికన్ ఓట్ల శాతానికీ సంబంధం ఎంత అని చూస్తే, జోన్లు కలిపిన తీరుని బట్టి దాదాపు మైనస్ 1 (ఒకటి పెరిగితే రెండోది తగ్గడం) నుంచి ప్లస్ 1 (రెండూ కలిసి పెరగడం) దాకా ఏదైనా వచ్చింది. డేటా మాత్రం ఒక్కటే! హద్దులు మారిస్తే జవాబు మారిపోతుందని తెలియకుండా వార్డులవారీ మ్యాపుకి రంగులు వేసి అధికారుల చేతిలో పెడితే, దాన్ని నమ్మి నిధులు పంచేస్తారు. నా మ్యాపుని ఎదురుగా కూర్చుని ప్రశ్నించే మనిషి దొరికింది ఆ కోర్సులోనే.

దిక్సూచి గారూ, ఏ కోర్సైనా ఫర్లేదని మాత్రం అనను. జియోడెసీ (భూమి ఆకారాన్ని కొలిచే శాస్త్రం), స్పేషియల్ స్టాటిస్టిక్స్ (స్థలాలకు సంబంధించిన డేటా గణాంకాలు) లేకుండా సాఫ్ట్‌వేర్ మెనూలే నేర్పే కోర్సులకి డబ్బు తగలెయ్యకండి.

దిక్సూచి:
నేను చూసిన కోర్సులో స్పేషియల్ స్టాటిస్టిక్స్ ఐచ్ఛికం, థీసిస్ లేదు.

గులకరాయి:
దానికన్నా రెండేళ్లు పని చేయడం మేలు. మీ మ్యాపుల్లో తప్పులు పట్టే సీనియర్ ఉన్న చోట చేరండి. అక్షాంశం గారు చెప్పినట్టు అలాంటి మనిషి కావాలి, ఆ మాట ఒప్పుకుంటాను. కాలేజీలోనే ఉండాలంటే మాత్రం ఒప్పుకోను.