ఉబ్బసం ఉన్నవారికి ఫ్లూను తట్టుకునే శక్తి నిజంగా తక్కువా?

అరండల్‌పేట తండ్రి:
మా అబ్బాయికి 11 ఏళ్లు, నాలుగేళ్లుగా ఉబ్బసం. గుంటూరులో మిర్చి ఘాటుకు అందరూ తుమ్ముతారు, వాడికి మాత్రం పిల్లికూతలు మొదలవుతాయి. నిరుడు ఫ్లూ వచ్చినప్పుడు తోటిపిల్లలు వారంలో బడికి వెళితే, వీడు మూడు వారాలు ఆయాసపడ్డాడు. పీల్చే పంపు (ఇన్‌హేలర్)లోని స్టెరాయిడే రోగనిరోధక శక్తిని తినేస్తోందనీ, ముసురు పట్టకముందే మానిపించమనీ మా బావగారు పట్టుబడుతున్నారు. లోపం మందుదా, జబ్బుదా?

పటమట మైక్రోబయాలజీ:
జబ్బుదేనని నా అభిప్రాయం. వైరస్ శ్వాసనాళపు పొరలోకి చొరబడగానే అక్కడి కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్లను వదిలి ఇరుగుపొరుగు కణాలను అప్రమత్తం చేస్తాయి. యాంటీబాడీలు తయారయ్యేలోగా వైరస్‌ను నిలువరించడంలో ఈ హెచ్చరికది పెద్ద పాత్ర. ఎలర్జీతో కూడిన ఉబ్బసంలో, ఇంటర్‌ఫెరాన్‌ను విరివిగా తయారుచేసే డెండ్రైటిక్ అనే రోగనిరోధక కణాల మీద, ఎలర్జీకి మూలమైన ఐజీఈ యాంటీబాడీలు పేరుకుని, ఎలర్జీ కారకం తగిలినప్పుడు ఆ కణాల నోరు నొక్కేస్తాయి. ప్రయోగశాలలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తోనే ఈ సంగతి కనిపించింది. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షను ఇచ్చిన అమెరికా పిల్లల్లో ఇంటర్‌ఫెరాన్ స్పందన మెరుగై, జలుబుల కాలంలో ఉబ్బసం తిరగబెట్టడం తగ్గింది కూడా. అక్కడి పరీక్షలో వాడింది ఫ్లూ వైరస్ కాదు, మామూలు జలుబు తెప్పించే రైనోవైరస్ అని మాత్రం ఒప్పుకోవాలి.

సత్యనారాయణపురం వాసి:
"శక్తి తక్కువ" అనే మాట మీదే నా అభ్యంతరం. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్‌ఫ్లూ) వ్యాపించినప్పుడు ఆసుపత్రిలో చేరినవారిలో ఉబ్బసం ఉన్నవారు ఎక్కువే. కానీ బ్రిటన్‌లో అలా చేరినవారిని పోల్చి చూస్తే, ఉబ్బసం లేనివారికంటే వీరిలో ఐసీయూ దాకా వెళ్లినవారూ, మరణించినవారూ తక్కువ. ఉబ్బసం కలిగించిన ఎలుకల్లో ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఫ్లూ వైరస్‌ను అణచడానికి తోడ్పడ్డాయి.

పటమట మైక్రోబయాలజీ:
ఎలుకల మాట అలా ఉంచండి. బ్రిటన్ లెక్కకు అక్కడి పరిశోధకులే చెప్పిన కారణాలు రెండు: చేరకముందే స్టెరాయిడ్ పంపు వాడుతూ ఉండటం, ఆయాసం రాగానే త్వరగా ఆసుపత్రికి రావడం. అంటే బావగారు మానిపించమంటున్న పంపే అక్కడ కాపాడి ఉండవచ్చు! వారాల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రల సంగతి వేరు. వాటిని, పీల్చే మందును ఒకే గాటన కట్టకూడదు.

సత్యనారాయణపురం వాసి:
"కాపాడి ఉండవచ్చు" అన్నంతవరకే ఒప్పుకుంటాను. ఆయాసం భయంతో తేలికపాటి రోగులు ముందే చేరితే మరణాల శాతం దానంతటదే తగ్గుతుంది. అందులో పంపు గొప్పతనం ఎంతో విడదీయడం కష్టం. అయినా మానిపించమని నేనూ అనను. ఏటా ఫ్లూ టీకా వేయించండి, రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది గనుక ముసురుకు ముందే. ముక్కులో కొట్టే టీకా కొందరు ఉబ్బసం పిల్లల్లో పిల్లికూతలు తెప్పించవచ్చు గనుక, ఇంజెక్షను గురించే డాక్టరు గారిని అడగండి.

అరండల్‌పేట తండ్రి:
మీ ఇద్దరి వాదన చదివాక పంపు వెనుక ఉండే అంకె చూశాను. 120 పీల్పుల పంపు, కొని సరిగ్గా 30 రోజులు, రోజుకు రెండు. 60 మిగలాలి. 104 ఉంది. బావగారి సలహాను వాడు ఎప్పుడో అమలు చేసేశాడు.