స్లర్మ్ క్యూఓఎస్‌లో (యూజర్ల వాడకానికి హద్దులు, ప్రయారిటీ రాసే చోటు) 64 కోర్ల లిమిట్ పెట్టినా ఒకే యూజర్ 192 కోర్లూ పట్టేస్తున్నారు. ఎక్కడ తప్పు?

బరంపురం_ల్యాబ్:
నమస్కారమండి. బరంపురంలో మా డిపార్ట్‌మెంట్ క్లస్టర్‌లో 6 కంప్యూట్ నోడ్లు. ఒక్కోదానికి 32 కోర్లు, 128 జీబీ మెమరీ. జాబులను నోడ్లకు పంచే స్లర్మ్, దాని లెక్కలను డేటాబేస్‌లో దాచే స్లర్మ్‌డీబీడీ నడుస్తున్నాయి. శాక్ట్ మేనేజర్‌తో మాక్స్ ట్రెస్ పర్ యూజర్ (ఒక్కో యూజర్ గరిష్ఠ వాడకం) 64 కోర్లని పెట్టాను, పనిచేయట్లేదు. పైగా ఒక్క కోరు అడిగిన జాబు నోడ్ మొత్తాన్ని ఆపేస్తోంది. లాగిన్ నోడ్ మీదే పైథాన్ నడిపేవాళ్ల వల్ల ఎస్‌ఎస్‌హెచ్ కూడా కదలట్లేదు.

పర్లాకిమిడి_అడ్మిన్:
ముందు స్లర్మ్ డాట్ కాన్ఫ్‌లో అకౌంటింగ్ స్టోరేజ్ ఎన్‌ఫోర్స్ వరస చూడండి. అది లేకపోతే డేటాబేస్‌లో ఎన్ని లిమిట్లు రాసినా స్లర్మ్ పట్టించుకోదు. లిమిట్స్, క్యూఓఎస్ రెండూ అక్కడ ఉండాలి. అక్కడే పెట్టే సేఫ్ అనే ఆప్షన్ మీకు అక్కర్లేదు, కోర్-నిమిషాల కోటా పెట్టినప్పుడే దాని అవసరం.

రీస్టార్ట్ చేసేముందు ప్రతి యూజర్‌కీ అసోసియేషన్ (డేటాబేస్‌లో యూజర్‌ని ఒక అకౌంటుకు కలిపే నమోదు) ఉందో లేదో సరిచూసుకోండి. లిమిట్స్ పెడితే ఆ తనిఖీ కూడా దానంతటదే మొదలవుతుంది. అసోసియేషన్ లేనివాళ్ల జాబులు సబ్మిట్ దగ్గరే తిరిగొస్తాయి. ఆ తర్వాత స్లర్మ్ ప్రధాన సర్వీసు స్లర్మ్‌సీటీఎల్‌డీ రీస్టార్ట్. 65వ కోరు దగ్గర జాబు ఆగి, ఎస్‌క్యూ (క్యూ చూపించే కమాండ్) కారణం గడిలో 'క్యూఓఎస్ మాక్స్ సీపీయూ పర్ యూజర్ లిమిట్' అని కనిపిస్తే లిమిట్ పనిచేస్తున్నట్టే.

రాయగడ_నోడ్:
నోడ్ మొత్తం ఆగిపోవడం మెమరీ వల్ల. జాబు మెమరీ అడగకపోతే, డిఫాల్ట్ మెమ్ పర్ సీపీయూ కూడా లేకపోతే, స్లర్మ్ ఆ నోడ్ మెమరీ అంతా దానికే రాసిస్తుంది. ఇక 31 కోర్లు ఖాళీగా ఉన్నా మరో జాబు ఎక్కదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి 8 జీబీ వదిలి, మిగిలిన 122880 ఎంబీని 32తో భాగిస్తే 3840. ఆ అంకె డిఫాల్ట్‌గా పెట్టండి.

ప్రాసెస్‌ల వాడకాన్ని కట్టడి చేసే లినక్స్ సదుపాయం సీగ్రూప్. దాని సీగ్రూప్ డాట్ కాన్ఫ్‌లో కన్‌స్ట్రెయిన్ ర్యామ్ స్పేస్ యెస్, టాస్క్ ప్లగిన్‌లో టాస్క్ సీగ్రూప్ ఉండాలి. లేకపోతే 4 జీబీ అడిగి 40 వాడినా ఆపే దిక్కుండదు.

ఇంకొక ముఖ్యమైన మాట: కోర్లకే కట్టడి పెడితే చాలదు. 6 జాబులు, ఒక్కో కోరు, ఒక్కోదానికి 120 జీబీ అడిగితే 6 కోర్లతోనే మీ క్లస్టర్ నిండిపోతుంది. అదే క్యూఓఎస్‌లో మెమరీకి కూడా 240 జీబీ పెట్టండి, 64 కోర్లకు సరిగ్గా అంతే వస్తుంది.

జయపురం_సిస్టమ్స్:
లాగిన్ నోడ్‌కి లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ చాలు. యూజర్ స్లైస్ డ్రాప్-ఇన్ ఫైల్లో సీపీయూ కోటా 200%, అంటే రెండు కోర్లు, మెమరీ మాక్స్ 8 జీబీ. ఇది మనిషి మొత్తం వాడకానికి వర్తిస్తుంది. రూట్‌కీ వర్తిస్తుంది కాబట్టి యూజర్-0 స్లైస్‌కి వేరే ఫైల్ రాసి సడలించండి. లేకపోతే ఇబ్బందిలో మీ చేతులే కట్టేసినట్టవుతుంది.

లిమిట్స్ డాట్ కాన్ఫ్ జోలికి మాత్రం వెళ్లకండి. అందులో అడ్రస్ స్పేస్ లిమిట్ ఒక్కో ప్రాసెస్‌కే, పది ప్రాసెస్‌లు తెరిస్తే పది రెట్లు. పైగా స్లర్మ్ మామూలుగా లాగిన్ నోడ్ లిమిట్లను జాబుతోపాటు కంప్యూట్ నోడ్‌కి మోసుకెళ్తుంది. అక్కడ మెమరీ ఉన్నా ప్రోగ్రామ్ కూలిపోతుంది, కారణం దొరకదు. ప్రాపగేట్ రిసోర్స్ లిమిట్స్ నన్ అని పెట్టేయండి.

బరంపురం_ల్యాబ్:
ఎన్‌ఫోర్స్ వరసే లేదండి! పెట్టాక ఆగింది. మరి రాత్రిళ్లు క్యూ ఖాళీగా ఉన్నా 64 దగ్గరే ఆపేయడం వృథా కదా?

పర్లాకిమిడి_అడ్మిన్:
వృథానే. తక్కువ ప్రయారిటీతో రెండో క్యూఓఎస్ చేసి, కోర్ల లిమిట్ తీసేసి, గరిష్ఠ సమయం 2 గంటలు పెట్టండి. ఎవరు ఆక్రమించినా రెండు గంటల్లో వదులుతుంది. దాంతోపాటు ఫెయిర్‌షేర్ (ఇప్పటికే ఎక్కువ వాడినవాళ్లను క్యూలో వెనక్కి నెట్టే లెక్క) వెయిట్ చూడండి. డిఫాల్ట్ 0, అంటే ప్రయారిటీ లెక్కేసే మల్టీఫ్యాక్టర్ ప్లగిన్ ఉన్నా పాత వాడకాన్ని లెక్కలోకి తీసుకోదు.

రాయగడ_నోడ్:
మెమరీ కట్టడి మొదలయ్యే రోజు ముందే చెప్పండి, తెలుగు, ఒడియా రెండింట్లోనూ. టెర్మినల్‌లో ఆ లిపులు సరిగ్గా పడవు, ల్యాబ్ తలుపు మీద కాగితం అంటించడం మేలు. 'అవుట్ ఆఫ్ మెమరీ' అని జాబు చస్తే శాక్ట్ కమాండ్‌లో మాక్స్ ఆర్‌ఎస్‌ఎస్ (జాబు వాడిన గరిష్ఠ మెమరీ) చూసి, దానికి కొంత కలిపి అడగమనండి. ఆ అంకె మామూలుగా 30 సెకన్లకోసారి తీసేది, మధ్యలో లేచిన వాడకం అందులో పడకపోవచ్చు.