పెడనలో టేకు అచ్చులు చెక్కేవాళ్లు ఎవరైనా తెలుసా?

నమస్కారం అండి. సంక్రాంతికి బందరు వస్తున్నాను. పెళ్లయి పుణె వచ్చేశాక ఆగిపోయిన కలంకారీ అద్దకం ఈమధ్య ఇంట్లో మళ్లీ మొదలుపెట్టాను, ఇక వదలకూడదని గట్టిగా ఉంది. పెడనలో ఒకటి రెండు టేకు అచ్చులైనా చెక్కి ఇస్తారా, లేక పెద్ద ఆర్డర్లే తీసుకుంటారా?

ఇంకో సందేహం. గుడ్డని కరక్కాయ, గేదెపాలలో తడిపి బాగా ఆరబెట్టి, ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన నలుపు అద్దితే గీత పక్కలకి పాకుతోంది, ఆకుల కొనలైతే మొద్దుగా అయిపోతున్నాయి. పాలు చిక్కగా ఉండాలా, రంగులో జిగురు పెంచాలా? పటిక అద్ది ఉడకబెట్టిన ఎరుపు మాత్రం చక్కగా వస్తోంది.

స్క్రీన్ ప్రింట్ వద్దండి, చేత్తో అచ్చు వేసేదే కావాలి. వారం పది రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.