రెండోసారి ఓర్వియెటోకి: కారు కొండ ఎక్కాలా, కిందే ఉండాలా?

మణికొండ_ప్రయాణి:
రోమ్‌లో కారు అద్దెకు తీసుకుని ఫ్లోరెన్స్ దాకా వెళ్తున్నాం. దారిలో కొండ మీది పాత ఊరు ఓర్వియెటో మళ్లీ చూడాలి, ఈసారి రెండు రాత్రులుంటాం. అమ్మానాన్నలతో కలిపి నలుగురం, నాలుగు పెద్ద సూట్‌కేసులు. హోటల్ కొండపైన, డుయోమో చర్చి దగ్గర. కారు పైకి తీసుకెళ్లాలా, కింద వదలాలా? ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

తార్నాక_టూరర్:
పైకే తీసుకెళ్లండి. పెద్దవాళ్లుంటే ఇంకో ఆలోచనే వద్దు. హోటల్‌కి కారు నంబరు పంపిస్తే జడ్‌టీఎల్ అనుమతి, అంటే పాతబస్తీలోకి కారు తెచ్చే అనుమతి, వాళ్లే చేయిస్తారు. గుమ్మం దగ్గర అందర్నీ దింపేసి కారు పార్కింగ్‌లో పెట్టి రావచ్చు.

సైనిక్‌పురి_స్టీరింగ్:
అంత తేలిక కాదన్నా. అద్దె కారు నంబరు తాళం చేతికొచ్చేదాకా తెలీదు. కౌంటర్ దగ్గరే నంబర్ ప్లేట్ ఫొటో తీసి హోటల్‌కి పంపాలి. నమోదైందని జవాబు రానిదే గేటు దాటొద్దు.

జడ్‌టీఎల్ అంటే అనుమతి ఉన్న బళ్లే తిరిగే పాతబస్తీ ప్రాంతం. తెల్ల బోర్డు మీద ఎర్ర వలయం ఉంటుంది. పక్కన లైట్ల బోర్డులో ‘వార్కో అత్తీవో’ అని వస్తే కెమెరా పనిచేస్తోందని, లోపలికి పోకూడదని. ‘నాన్ అత్తీవో’ అయితే పోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని దూరిపోతారు. పోలీసు ఆపడు, అడ్డంగా కర్ర పడదు, ఫొటో మాత్రం పడుతుంది. నోటీసు ఇంటికి రావడానికి నెలలు పడుతుంది. దానికన్నా ముందే, మీ వివరాలు పోలీసులకిచ్చినందుకు అద్దె కంపెనీ క్రెడిట్ కార్డులోంచి విడిగా రుసుము లాగేస్తుంది. అది జరిమానాలో కలవదు. మన ఈ-చలాన్లలా డిస్కౌంట్ వచ్చేదాకా చూద్దాం అంటే అక్కడ నడవదు.

అందుకే కారు కింద పెట్టమంటాను. ఊరికి పడమటి వైపు కొండ పాదంలో కాంపో డెల్లా ఫియెరా పార్కింగ్ ఉంది. అక్కడి నుంచి లిఫ్టులు, ఎస్కలేటర్లు నేరుగా పాత ఊళ్లోకి తీసుకెళ్తాయి. రెండు రాత్రులకి చిన్న బ్యాగులు చాలు.

తార్నాక_టూరర్:
మరి మిగతా సామాను? డిక్కీలో వదిలేస్తే అద్దం పగిలితే ఎవరిది పూచీ?

సైనిక్‌పురి_స్టీరింగ్:
ఆ భయం నిజమే. అందుకే పెట్టెలు బయటికి కనబడని కారు తీసుకోవాలి. ఫియట్ 500 డిక్కీ 185 లీటర్లే, 28 అంగుళాల పెట్టె ఒక్కటి పడితే గొప్ప. మీ నలుగురికీ పొడవాటి డిక్కీ ఉన్న స్టేషన్ వ్యాగన్ కారే. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయండి, అక్కడ మాన్యువల్ కార్లే ఎక్కువ.

రైలుపక్షి_సికింద్రాబాద్:
అసలు ఈ ఊరికి కారెందుకు? రోమ్ నుంచి రైల్లో గంటన్నర లోపే. స్టేషన్ ఎదురుగానే ఫ్యూనిక్యులర్, అంటే తాడు లాగితే కొండెక్కే రైలు పెట్టె, ఎక్కితే పైన పియాజ్జా కాహెన్‌లో దింపుతుంది. 1888లో నీటి బరువుతో నడిచింది, 1990 నుంచి కరెంటు మీద నడుస్తోంది. దిగిన చోటే సాన్ పత్రీజియో బావి. అందులో 248 మెట్లు, పెద్దవాళ్లని దించకండి. డుయోమోకి అక్కణ్నుంచి చిన్న బస్సుంది.

మణికొండ_ప్రయాణి:
దగ్గర్లో ఇంకో కొండ మీది చిన్న పాత ఊరు చివితా డి బాన్యోరెజో కూడా చూడాలండీ, అందుకే కారు.

రైలుపక్షి_సికింద్రాబాద్:
అయితే ఓర్వియెటో దాకా రైల్లో వెళ్లి, స్టేషన్ దగ్గర ఒక్కరోజుకి కారు తీసుకోండి. చివితాలోకి ఎలాగూ కారు పోదు, కాలినడక వంతెన ఒక్కటే దారి. చివర్లో ఎక్కుడు గట్టిగానే ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ముందే అడగండి.

తార్నాక_టూరర్:
నలుగురికి, అన్ని పెట్టెలతో రైలు మారడం మీకు తేలికేమో! నేను కారు పైకే అంటాను, హోటల్ రాసివ్వాలన్న షరతుతో.

సైనిక్‌పురి_స్టీరింగ్:
కారు ఎక్కడ పెట్టినా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా ఎక్కొద్దు. ఒరిజినల్ లైసెన్సూ వెంట ఉండాలి. పర్మిట్ మన ఆర్టీఏలోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. డిపాజిట్‌కి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. టోల్ గేటు దగ్గర పసుపు టెలిపాస్ లేన్‌లోకి వెళ్లకండి, అది వాళ్ల ఫాస్టాగ్. టోల్ రోడ్డు ఎక్కేటప్పుడు తీసుకున్న టికెట్ పోగొట్టుకుంటే అన్నిటికన్నా దూరపు గేటు నుంచి వచ్చినట్టు లెక్కగట్టి టోల్ కట్టించుకుంటారు.